మిషను విన్నారంది

“ఆఁ, విన్నాను నాయనా, విన్నాను,” అంది రాజేశ్వరమ్మ.

నిజానికి కొట్లో ఆవిడనెవరూ ఏమీ అడగలేదు. కౌంటరుకి అవతల, రెండు కోట్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని నిలబడ్డ వాల్టరుకి తెలుగు రాదు. ఇవతల అతని లాటరీ టికెట్టు పట్టుకుని నిలబడ్డ కొడుకు రఘుకి తెలుగు వచ్చుగాని, ఆ క్షణంలో నోరు విప్పలేదు. ఫ్రిజ్‌లో పాలక్యాన్లు సర్దుతున్న అల్లుడు ఆదిశేషు వెనక్కి తిరిగి, “ఎవరితోనండీ అత్తయ్యగారూ?” అన్నాడు.

“ఎవరో ‘విన్నారా’ అన్నారు బాబూ. అడిగినప్పుడు పలక్కపోతే మర్యాదగా ఉండదు కదా.”

“ఎవరూ ఏమీ అన్లేదమ్మా. నువ్వు నీ గళ్ళనుడికట్టు చూసుకో,” అన్నాడు రఘు. తర్వాత వాల్టరు వైపు తిరిగి, ఎంతో జాలిగా మొహం పెట్టి, ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి, టికెట్టుని కౌంటరు కింద బుట్టలో పడేశాడు. వాల్టరు నవ్వి, వచ్చే వారానికి ఇంకో టికెట్టు కొనుక్కుని, కాఫీకప్పు రెండు చేతులతో పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇంట్లో హీటరు చెడిపోయిన దగ్గర్నుంచి అతనికి ఎండాకాలం ఆ కప్పులోనే ఉంది.

ఆదిశేషుకి నలభై ఎనిమిదేళ్ళు. 2002లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం లేఆఫ్‌లో ఊడినప్పుడు, “లే అన్నారు, లేచాను. ఆఫ్ అన్నారు, ఆరిపోలేదు,” అని తెలిసినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగి, ప్లెయిన్స్‌బరోకి పది మైళ్ళ దూరంలో గ్యాస్ స్టేషన్ పక్కన ఈ కొట్టు పెట్టాడు. “జీవితం కొట్టింది, కొట్టు పెట్టాను” అనేది రెండో జోకు. కౌంటరు వెనక నిలబడి కౌంటర్లు వేయడం తప్ప అతనికి వేరే వ్యసనం లేదు. భార్య విద్య మందుల కంపెనీ లాబ్‌లో పనిచేస్తుంది. మొగుడి జోకులకి మాత్రం ఆవిడ ఇంకా మందు కనిపెట్టలేదు.

రఘు విద్య తమ్ముడు. మాంద్యంలో అతని కాంట్రాక్టు పోతే, మధ్యాహ్నాలు కొట్టు చూసుకోమని ఆదిశేషే పిలిచాడు. వాళ్ళ తల్లి రాజేశ్వరమ్మ ఆరునెలలు ఉండి పోదామని ఈమధ్యే ఈ దేశం వచ్చింది. గుడివాడ టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో ముప్పై రెండేళ్ళు ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ఇంగ్లీషు ‘నంబర్ ప్లీజ్’ దగ్గర మొదలై ‘నాట్ ఆన్సరింగ్’ దగ్గర ముగుస్తుంది. ఇంట్లో ఒక్కతే కూర్చుంటే పలకరించేది మైక్రోవేవ్ ఒక్కటే కాబట్టి, రోజూ కొట్టుకొచ్చి, కౌంటరు వెనక లాటరీ మిషను పక్కనే స్టూలు మీద కూర్చునేది.

ఆ మిషను సంగతి ఒక్క ముక్క చెప్పాలి. టికెట్టు దాని ముక్కు కింద పెడితే చదివి, బహుమతి తగిలిందో లేదో చెప్పే ప్రభుత్వంవారి పెట్టె అది. ఒకప్పుడు బహుమతి తగిలితే బాకా ఊది కేకపెట్టేది. ఆగస్టులో ఓనాడు, “స్పీకరు పోయింది బావా. లాటరీవాళ్ళకి కంప్లయింట్ ఇచ్చాలే,” అన్నాడు రఘు. “అయితే మిషనుకి మూగనోము పట్టిందన్నమాట,” అని ఆదిశేషు ఒక జోకు వేసి, ఇంక దాని సంగతి మరిచిపోయాడు. ఒకసారి జోకు వేసేసిన విషయాన్ని మళ్ళీ ముట్టుకోకపోవడం అతని అలవాటు. అయ్యా, ఈ అలవాటు మనలో చాలామందికి ఉంది. నవ్వేశాం కాబట్టి తేలిపోయిందనుకుంటాం.

వాల్టరు టికెట్టు తెచ్చిన ఆ వారంలోనే రాజేశ్వరమ్మ ఇంకో రెండుసార్లు ‘విన్నాను’ అంది. ఆదివారం భోజనాల దగ్గర రఘు ఆ మాట ఎత్తాడు.

“అమ్మకి చెవుడు మొదలైందక్కా. లేని మాటలు వినబడుతున్నాయంటే అంతకంటే పైదే అనుకో.”

“ఛ, ఊరుకో,” అంది విద్య. కాని ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది.

“డిసెంబరు కదా,” అన్నాడు ఆదిశేషు. “లోకమంతా ఇయర్ ఎండింగ్. అత్తయ్యగారికీ ఇయర్ ఎండింగే.”

రఘు పగలబడి నవ్వాడు. “ఏంటే అది?” అని రాజేశ్వరమ్మ కూతుర్ని అడిగింది. ఇయరంటే చెవి కూడానని విద్య చెప్పింది. ఆవిడా నవ్వింది, అందరూ నవ్వడం అయిపోయాక.

డాక్టరు ఉమ దగ్గరికి తీసుకెళ్ళి చెవుల పరీక్ష చేయించారు. “ఈవిడ చెవులు నా చెవులకంటే బాగున్నాయండీ,” అంది డాక్టరు. “పక్కగదిలో నర్సు పెన్ను నొక్కితే అది కూడా చెప్పారు.” సంతోషించవలసిన మాటే. కాని కారెక్కాక ఎవరూ సంతోషించలేదు. చెవులు బాగుండి, లేని మాటలు వినబడుతున్నాయంటే లోపం ఎక్కడో విద్యకి చెప్పనక్కర్లేదు. అమ్మ విమానం టికెట్ ముందుకి జరపమని రఘు అదే రోజు అక్కకి నచ్చజెప్పాడు. మరుసటి శనివారానికి జరిపారు. తనని పలకరిస్తున్నది పక్కనున్న మిషనేనని ఒకసారి చెప్పి చూసిన రాజేశ్వరమ్మ, ఇంక దానికి జవాబు చెప్పడం మానేసింది. పెదాలు బిగబట్టుకుని గళ్ళు నింపుకునేది.

మంగళవారం మధ్యాహ్నం రఘు సరుకుల కోసం హోల్‌సేల్ మార్కెట్‌కి వెళ్ళాడు. అత్తగారిని కాస్త నవ్విద్దామని ఆదిశేషు, “ఏమండీ, మిషనుతో మాటలు లేవా? పోట్లాడారా?” అన్నాడు.

ఆవిడ నవ్వలేదు. “నాకు మతి పోయిందన్నారు, పోయిందనే అనుకుంటాను బాబూ. ఒక్కటే అర్థం కావట్లేదు. ఆ పెట్టె సన్నగా ‘విన్నార్’ అంటుంది. వెంటనే రఘు టికెట్టు తెచ్చినవాళ్ళతో ‘నాట్ ఎ విన్నార్’ అంటాడు. నాట్ అంటే కాదనేగా? పెట్టె విన్నారంటుంటే వీడు వినలేదంటాడేం? నా సర్వీసులో నేను విన్నాక వినలేదని ఎవరితోనూ అనలేదు.”

ఆదిశేషు మొహం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయిన పండగ దీపాల్లాగా. 

మిషను పక్కన వేలితో తడిమాడు. శబ్దం పెంచే మీట అట్టడుక్కి దిగి ఉంది. పూర్తిగా నోరు మూయించడానికి వీలులేని మీట అది. గుసగుస వరకే తగ్గుతుంది. పైకి జరిపాడు. రెండు డాలర్లు తగిలిన టికెట్టొకటి అతని పర్సులో ఎప్పట్నుంచో నలుగుతోంది. అది తీసి మిషను ముక్కు కింద పెట్టాడు. బాకా మోగింది. ఒక ఆడగొంతు కొట్టంతా దద్దరిల్లేలా, “విన్నర్!” అంది.

“ఇదే గొంతు,” అంది రాజేశ్వరమ్మ. “ఏమంటోంది బాబూ ఇది?”

ఎన్ని వేల శ్లేషలు ఎంతమందికి విప్పి చెప్పాడో ఆదిశేషు. ఈ ఒక్క శ్లేష విప్పలేకపోయాడు. విప్పితే లోపల ఆవిడ కొడుకు కనబడతాడు.

రఘు రాగానే వెనక గదిలోకి పిలిచి తలుపేశాడు. “వాల్టరు టికెట్టేదీ?”

రఘు కాసేపు ఏ టికెట్టన్నాడు. తర్వాత పర్సు తీశాడు. బుట్టలో పడ్డట్టు కనబడిన టికెట్టు అందులో మడతపడి ఉంది. బహుమతి పదివేల డాలర్లు.

“ఎన్నాళ్ళనుంచి?”

“ఆగస్టు. చిన్నచిన్నవే బావా. ఇది ఒక్కటే పెద్దది. వాళ్ళు కళ్ళజోడు కూడా తీసి చూడరు. నువ్వే చూడు బాబూ అని ఇచ్చేస్తారు.”

“అలా ఇచ్చేవాళ్ళ దగ్గరేగా జాగ్రత్తగా ఉండాల్సింది. రాష్ట్రంవాళ్ళది లాటరీ అయితే, మనది లూటరీనా?” అన్నాడు ఆదిశేషు. అలవాటు ప్రకారం వచ్చేసిన ఆ మాట అతనికే చేదుగా తగిలింది.

“ఆయనకి తగిలిందని ఆయనకి తెలియనే తెలియదు. తెలియంది పోతే నష్టమేంటి?” రఘు గొంతు తగ్గించాడు. “నువ్వు బయటపెడితే ముందు పోయేది లైసెన్సు. అది నీ పేరు మీదుంది. కొట్టు పోతుంది, అక్క పరువు పోతుంది. శనివారం అమ్మ వెళ్ళిపోతోంది. విన్నది ఆవిడొక్కతే. మతిలేని మనిషి మాట ఎవరు పట్టించుకుంటారు?”

 ఆదిశేషు తలుపు తీసి బయటికొచ్చి, ఏమీ జరగనట్టు బ్రెడ్డు ప్యాకెట్లు సర్దాడు. రెండు రోజులు అలాగే సర్దాడు. వాల్టరు వస్తే కాఫీకి డబ్బు తీసుకోలేదు. “నా కళ్ళు నువ్వే షేష్,” అన్నాడు వాల్టరు, పొర కమ్మిన కళ్ళతో అతని భుజానికి అరడుగు పక్కకి చూస్తూ. పుణ్యానికి పోసిన కాఫీ పాపాన్ని కడగదని తెలిసీ, ఇంకో కప్పు పోశాడు ఆదిశేషు.

శుక్రవారం పొద్దున్న ఇంట్లో ప్రయాణానికి పెట్టె సర్దుకుంటూ రాజేశ్వరమ్మ ఒక అట్టముక్క తెచ్చి అతని ముందు పెట్టింది. దానికి ఒక చిల్లు చేసి, దారం కట్టి ఉంది.

“దీని మీద నా పేరూ, మీ ఫోన్ నంబరూ ఇంగ్లీషులో రాసివ్వండి బాబూ. మెడలో వేసుకుంటాను. విమానంలో నాకు మతి తప్పితే ఎవరో ఒకరు మీకు కలుపుతారు.”

ఆదిశేషు పెన్ను తీశాడు. మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగింది. అట్టముక్క జేబులో పెట్టుకుని, మిషను మీద అంటించి ఉన్న ఫిర్యాదుల నంబరుకి ఫోన్ చెయ్యడానికి కొట్టుకి వెళ్ళాడు.

మధ్యాహ్నానికి విద్యని లాబ్‌నుంచి రమ్మన్నాడు. అత్తగారు స్టూలు మీద, వాల్టరు కిటికీ దగ్గర, రఘు కౌంటరు వెనక. కాఫీ కోసం వచ్చిన ఇద్దరు ప్లంబర్లు కూడా ఉన్నారు. వాళ్ళని ఆదిశేషు వెళ్ళమనలేదు.

“లాటరీ ఆఫీసువాళ్ళు మూడింటికి వస్తారు,” అన్నాడు. “ఈలోగా రఘూ, టికెట్టు నువ్వు పెడతావా, నన్ను పెట్టమంటావా?”

“ఏమండీ, ఏం టికెట్టు?” అంది విద్య. 

రఘు అక్క వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. చివరికి పర్సు తీసి టికెట్టు కౌంటరు మీద పెట్టాడు. ఆదిశేషు దాన్ని మిషనుకి చూపించాడు. బాకా మోగింది. “విన్నర్!” 

రాజేశ్వరమ్మ పెదాలు బిగబట్టుకుంది.

“పలకండి అత్తయ్యగారూ,” అన్నాడు ఆదిశేషు. “మీకు వినబడింది నిజమే. మొదట్నుంచీ నిజమే. ఇంగ్లీషులో ‘విన్నర్’ అంటే గెలిచినవాడు. ఈ పెట్టె ‘నువ్వు గెలిచావు’ అని వాల్టరుకి చెప్పింది. మీకు ‘విన్నారా’ అని వినబడింది. మీరు విన్నానన్నారు. మేం మీకు పిచ్చన్నాం.” జేబులోంచి అట్టముక్క తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. “ఇది రాయలేనండీ. మీ మతి మీ దగ్గరే ఉంది. మాదే ఎక్కడో జారిపోయింది.”

ఆవిడ అట్టముక్కని కాసేపు తిప్పి చూసింది. ముప్పై రెండేళ్ళు తీగలు కలిపిన బుర్ర. మిగతా తీగ కలుపుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు.

“అయితే నువ్వు ‘నాట్’ ఎందుకన్నావురా?” అంది కొడుకుతో.

“ఆయనకి తెలియదు కదమ్మా,” అన్నాడు రఘు, నేల చూస్తూ.

“గుడివాడలో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరికి ఉద్యోగమొచ్చినా, ఆ కబురు ముందు నా చెవిలోంచే వెళ్ళేది. ఒక్కటీ నాది కాదు. మనల్ని మధ్యలో కూర్చోబెట్టింది కలపడానికిరా. ఉంచుకోవడానికి నీకెవరిచ్చారు హక్కు? కళ్ళు కనబడనివాడు నమ్మి చేతికిచ్చింది మింగేస్తే, అతనికి తెలియకపోవచ్చు. నువ్వు దొంగవని నీకు తెలుసు. అది తెలిసి కూడా, తల్లికి పిచ్చని చెప్పి విమానం ఎక్కించబోయావు.”

విద్య తల్లి భుజం మీద చెయ్యి వేసింది. రఘు ఏడుస్తున్నాడో, లేదో, తలెత్తలేదు కాబట్టి తెలియలేదు. మూడింటికి ఆఫీసువాళ్ళు వస్తారు, కొట్టు ఉంటుందో ఊడుతుందో వాళ్ళు చెబుతారు. ఆదిశేషుకి ఆ క్షణంలో ఒక్క శ్లేషా తట్టలేదు.

“ఏమంటోంది షేష్, పెద్దావిడ?” అన్నాడు వాల్టరు.

ఆదిశేషు అతని పక్కన కూర్చుని, కాఫీకప్పు తీసి పక్కన పెట్టి, టికెట్టు అతని చేతిలో పెట్టాడు. మొత్తం ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు, ప్లంబర్లకి కూడా వినబడేట్టు. మా బావమరిది దాచాడు, నేను రెండు రోజులు తెలిసీ నోరు మూసుకున్నాను, అని కూడా చెప్పాడు. మా భాషలో ఆ మాటకి అర్థం ‘ఆలకించారు’ అని, మిషను తనని పలకరిస్తోందనుకుని ఈవిడ ప్రతిసారీ జవాబిచ్చిందని, అన్నాళ్ళూ ఆ పెట్టె మాటకి బదులు పలికింది ఈవిడొక్కతేనని చెప్పాడు.

 వాల్టరు రఘు వైపు చూడలేదు. టికెట్టుని వేళ్ళతో తడుముతూ, “ఆవిడ ఏమని జవాబిచ్చేది?” అన్నాడు.

“విన్నాను.”

వాల్టరు రాజేశ్వరమ్మ వైపు తిరిగాడు. ఈసారి సరిగ్గా ఆవిడ ఉన్నచోటికే తిరిగి, పరాయి మాటని జాగ్రత్తగా నోట్లో కూడదీసుకుని, “వి… న్నాను,” అన్నాడు.