రక్తంలో లేదన్నారు

నూకమ్మ మొండితనం జంషెడ్‌పూర్‌లోని భాలుబాసా బస్తీ అంతా ఎరిగినదే. ఒకసారి కాదంటే బ్రహ్మదేవుడు దిగివచ్చినా కాదే. ఆ మొండితనం తన ముద్దుల పెయ్య లచ్చికే చుట్టుకుంటుందని పాపం ఆవిడకేం తెలుసు! లచ్చి తొలిచూలు మీదుంది. పురిట్లోనే తల్లిపాలు కరువైతే సీసాతో పట్టి పెంచుకున్న పెయ్య అది.

పెద్దావు గౌరికి జ్వరం తగ్గాక ఒళ్లంతా గడ్డలు లేచి పక్కులు కట్టాయి. పశువుల ల్యాబులో పనిచేసే రోహిణి, ఆ వీధి పిల్లే, ఐసు పెట్టె పట్టుకుని వచ్చింది.

“లంపీ రోగంలా ఉంది పెద్దమ్మా, గడ్డలు లేచే అంటురోగం. కరోనాకి చేసినట్టే పీసీఆర్ చేత్తాం. ఒక్క పక్కు ఇయ్యి చాలు. వైరస్ దాన్లోనే బాగా దొరుకుతాది.”

“ఒలమ్మో! అమ్మోరు పోసినప్పుడు పక్కు గిల్లుతారేటే? మా ఇంటా వంటా నేదు. కావాలంటే రక్తం తీసుకో.”

“జ్వరం పోయాక రక్తంలో దొరకదు. సమఝో నా, అర్థం చేసుకో పెద్దమ్మా!”

సమఝ్ అవడమా, నూకమ్మకా! వేపమండ పట్టుకుని గౌరికి అడ్డంగా నిలబడింది. రోహిణి విసిగిపోయి రక్తమే తీసింది. లచ్చిని మాత్రం దూరంగా కట్టి, దోమతెర వేయమని ఒకటికి పదిసార్లు చెప్పి వెళ్లింది. ఆ ఒక్క మాటా నూకమ్మ విని, లచ్చిని దూరంగా కట్టింది.

తర్వాత రోహిణి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

“రక్తంలో లేదు పెద్దమ్మా. అంటే రోగం లేదని కాదు, పక్కు చూడందే...”

‘లేదు’ అన్నాక మిగతాది వింటేనా! తల్లి దయ అంటూ దండం పెట్టుకుని, అప్పుడే లచ్చిని తెచ్చి గౌరి పక్కన కట్టేసింది. అసలే వానాకాలం. ఈగలూ దోమలూ ఆవు మీంచి పెయ్య మీదికి ముసురుతూనే ఉన్నాయి.

గౌరి కోలుకుంది. లచ్చి పడింది. వేలు పెట్టే సందు లేకుండా గడ్డలు. కడుపులో దూడ చచ్చి జారిపోయింది. “నా తల్లీ, లెగే, ఒక్క గుక్క తాగే” అని నూకమ్మ బతిమాలుతుండగానే, ఆవిడ ఒళ్లో తల పెట్టి లచ్చి కన్ను మూసింది.

రోహిణి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“పక్కు తీసుకోవాలి పెద్దమ్మా. బస్తీలో మిగతా ఆవులనైనా...”

నూకమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది. పిల్ల పని ముగిస్తుండగా అడిగింది.

“అప్పుడే గౌరి పక్కు ఇచ్చుంటే, ఇది బతికుండేదేటే?”

రోహిణి సీసా మూత బిగించింది. బిగించిన మూతనే మళ్లీ బిగించింది.

“దూరంగానే కట్టుంచేవోళ్లం పెద్దమ్మా.”

నూకమ్మ వంగి లచ్చి చెవిలో నోరు పెట్టింది.

“నేనే సంపేసినానే తల్లీ” అంది.