ఎడమచేతి వేడి

పొద్దున పదింటికి షాపు షట్టర్ లేవగానే పద్మలత చేసే మొదటి పని చాయ్ కాచడం. గిన్నెలో పాలూ నీళ్లూ పోసి కుడి అరచేతిలో పెట్టుకుంటుంది. నిన్నంతా పరీక్షించిన ల్యాప్‌టాప్‌ల వేడి ఆ చేతిలో ఉంటుంది గనక నాలుగు నిమిషాల్లో పొంగు వస్తుంది. వేడి వస్తువును ముట్టుకుంటే ఆ వేడి ఆమెలోకి వస్తుంది, ఆమె తలుచుకుంటే ఇంకోదాంట్లోకి పోతుంది. హన్మకొండ చౌరస్తాలోని ఆ షాపులో గ్యాస్ పొయ్యి తీసేసి చాలా కాలమైంది.

అదంతా కుడిచేతి పని. ఎడమచేతిని ఆమె ఎవరికీ ఇచ్చేది కాదు. దానికి తడిగుడ్డ చుట్టుకునేది. గంట గంటకూ గుడ్డ ఎండిపోతే మళ్లీ తడుపుకునేది.

కొత్త ల్యాప్‌టాప్ ఏదొచ్చినా ఓనర్ రాజేశ్వర్ రావు ముందు ఆమె ముందరే పెట్టేవాడు. ఆమె ఒక సినిమా మొత్తం చూసేది, చీకటి సీన్లలో మనుషుల మొహాలు తెలుస్తున్నాయో లేదో గమనించేది. స్పీకర్లను ఒకసారి టేబుల్ మీద, ఒకసారి బొంత మీద పెట్టి వినేది. తర్వాత కార్ల గేమో క్రికెట్ గేమో గంటసేపు ఆడి, అడుగున చెయ్యి పెట్టి చూసేది. చివరికి ఒక కాగితం మీద నాలుగు మాటలు రాసేది. ఆ కాగితం చదవందే ఆ షాపులో చాలామంది ల్యాప్‌టాప్ కొనేవాళ్లు కాదు.

ఆ కాగితాలే చదివి మహిపాల్ పెద్దవాడయ్యాడు. మొదట్లో అదే షాపులో సేల్స్ చూసేవాడు. ఫోన్ ముందు నిలబడి ఆమె రాసిన మాటల్ని తన గొంతుతో చెప్పి వీడియోలు పెట్టాడు. జిల్లాలు దాటి పేరొచ్చింది. కంపెనీలు ఫోన్లు చేశాయి.

రెండేళ్ల కింద ఒక ల్యాప్‌టాప్ గురించి పద్మలత ఇట్లా రాసింది: "సినిమాలకు బాగుంది. గేమ్ ఆడుకుంట చార్జింగ్ పెడితే బ్యాటరీ ఉబ్బుతాంది. పరుపు మీద అస్సలు పెట్టొద్దు." మహిపాల్ మొదటి వాక్యం చదివి మిగతా రెండూ వదిలేశాడు. వాటి బదులు, "ఐస్ గడ్డ లెక్క చల్లగుంటది," అన్నాడు.

పద్మలత చెల్లె శ్రావణి కొత్తవాడలో జంపఖానాలకు డిజైన్లు గీసేది. ఆమె చేతి నెమళ్లు, గళ్లు ఎన్నో మగ్గాల మీదికి ఎక్కాయి. అప్పుడు ములుగులో మహిళలకు డిజైన్లు నేర్పడానికని మూడు నెలలు పోయి ఉంది. వీడియో చూసి అక్కడే ఆ ల్యాప్‌టాప్ కొనుక్కుంది. అక్కను అడగలేదు. మహిపాల్ చెప్పేవన్నీ అక్క రాసిన మాటలేనని ఆమెకు తెలుసు, ఇంకా అడిగేదేముంది?

పన్నెండో రోజు అది ఆమె ఒళ్లోనే అంటుకుంది.

పద్మలత దవాఖానకు పోయేసరికి శ్రావణి గొంతు పోయేలా అరుస్తూ ఉంది. పద్మలత తన ఎడమచేత్తో ఆమె కాలిన కుడిచేతిని పట్టుకుంది. వేడంతా లాగేసింది. శ్రావణి అరుపు ఆపి నిద్రపోయింది. కానీ కాలి అతుక్కున్న వేళ్లు మళ్లీ విడలేదు, పెన్సిల్ పట్టలేదు.

ఆ వేడిని పద్మలత నీళ్లలో విడవలేదు. మట్టిలో విడవలేదు.

"ఇంకెన్నాళ్లు మోస్తవే? భద్రకాళి చెరువుల ముంచి రా," అని తల్లి యాదవ్వ చాలాసార్లు అంది.

"దీనికి అడ్రస్ ఉందమ్మా," అనేది పద్మలత.

మొన్న ఎండాకాలం ఒక కొత్త కంపెనీ పదిహేను ఇంచుల ల్యాప్‌టాప్ తెచ్చింది. ఇంటిల్లిపాదీ సినిమాలు చూసుకోవడానికి, తీరినప్పుడు గేమ్‌లు ఆడుకోవడానికి అని ప్రచారం. ఆదివారం పొద్దున షాపులోనే మహిపాల్ లైవ్ వీడియో పెట్టుకున్నారు. పద్మలత దాన్ని ముందే చూసి రాసింది: "తెర మంచిది, రంగులు కండ్లకు కొట్టయి. పాటలు గట్టిగ వినొస్తయి. చిన్న గేమ్‌లకు సాలు. గంట దాటితే చేతులు పెట్టే కాడ బాగ వేడైతాంది."

మహిపాల్ ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"పద్మక్కా, జర హెల్ప్ చెయ్యాలె," అన్నాడు. "లైవ్‌ల నేను గేమ్ ఆడుతాంటే నువ్వు ఎనుకకెళ్లి చెయ్యి పెట్టు. వేడి గుంజెయ్. కెమెరాకు కనవడది."

"నిజమే చెప్పరాదా?"

"చెప్తే మళ్ల నన్నెవలు పిలుస్తరక్కా?"

 "సరే, పెడత," అంది పద్మలత.

ఆ ఆదివారం చెల్లెను కూడా తీసుకొచ్చింది. శ్రావణి చూడ్డానికి వచ్చినవాళ్ల మొదటి వరుసలో, చేతిని కొంగుకింద పెట్టుకుని కూర్చుంది. మహిపాల్ ఆమెను గుర్తుపట్టలేదు. అతను సినిమా వేసి చూపించాడు, పాట పెట్టాడు, తర్వాత కార్ల గేమ్ మొదలుపెట్టాడు. పద్మలత అతని పక్కన స్టూల్ మీద కూర్చుని కుడిచెయ్యి ల్యాప్‌టాప్ వెనక ఆనించింది.

గంట గడిచాక ప్రశ్నలు అడగమన్నారు. శ్రావణి లేచింది.

"అన్నా, చేతులు పెట్టే కాడ వేడి అయితాందా? ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాట నమ్మి కొంటరు."

అడిగి అక్క వైపు చూసింది. ముందురోజే ఇద్దరూ అనుకున్నారు. మహిపాల్ నిజం చెప్తే అక్క ఎడమచెయ్యి కదలదు.

"అస్సలే లేదు చెల్లే," అన్నాడు మహిపాల్ నవ్వుతూ. "ఐస్ గడ్డ."

శ్రావణి తల ఊపి కూర్చుంది.

పద్మలత కుడిచెయ్యి తీసి, ఎడమచేతి తడిగుడ్డ విప్పి, ఆ చెయ్యి ఆనించింది. రెండేళ్లు మోసిన వేడిని ల్యాప్‌టాప్ మీదుగా అతని చేతుల్లోకి కొంచెం కొంచెంగా వదిలింది. మహిపాల్ నుదుటిమీద చెమట పట్టింది. కంపెనీ మనుషులు ఎదురుగా నిలబడి ఉన్నారు. అతను కారు నడుపుతూనే ఉన్నాడు. ఫోన్‌లో ఎవరో మళ్లీ అదే అడిగారు.

"లేదు, లేదు," అన్నాడు. 

ఇంకొకరు అడిగారు. ఈసారి అతను పెదవులు నొక్కిపట్టి కీబోర్డు మీద చేతులు అట్లాగే ఉంచాడు. పద్మలత మిగిలిందంతా వదిలేసింది.

"కాలుతాంది," అన్నాడు మహిపాల్ వేలమంది చూస్తుండగా. "సస్తాన అమ్మా, కాలుతాంది."

కంపెనీ మనిషి ఉరికొచ్చి ల్యాప్‌టాప్‌ను ముట్టుకున్నాడు. చల్లగా ఉంది. మహిపాల్ అరచేతుల మీద ఒక్క బొబ్బ కూడా లేదు. పద్మలత ఎడమచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో ఆ చేత్తోనే చెల్లెకు అన్నం కలిపి పెట్టింది.

ఆ వేడి మహిపాల్‌ను వదలలేదు. అతను ఏది పట్టుకున్నా కాలుతున్నట్టే ఉండేది. ఏ ల్యాప్‌టాప్ వేడిదో, ఏది చల్లదో అతనికి తెలియకుండా పోయింది. కంపెనీలు పిలవడం మానేశాయి. నెల తిరిగేలోపు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఐస్ ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. తోటివాళ్లు స్వెటర్లు తొడుక్కునే చోట అతను వట్టి బనీనుతో ఐస్ గడ్డలు మోసేవాడు. అక్కడ మాత్రమే కాస్త నిద్ర పట్టేది.

దసరాకు ముందు ఒకరోజు మహిపాల్ షాపుకు వచ్చాడు. "పద్మక్కా, ఒక్కసారి నా చెయ్యి పట్టరాదే. నీ కాల్మొక్కుత."

"అది నా వేడి కాదు," అంది పద్మలత. "నువ్వు ఐస్ గడ్డ అన్నదాంతోని చెయ్యి కాలిన నా చెల్లెది. శ్రావణిని అడుగు."

మహిపాల్ కొత్తవాడకు పోయాడు. శ్రావణి అరుగుమీద కూర్చుని ఎడమచేత్తో గీత గీయడం నేర్చుకుంటూ ఉంది. గీత వంకర పోతోంది. అతను కింద కూర్చున్నాడు.

"అక్క రాసిన మాట నేనే తీసేసిన చెల్లే," అన్నాడు.

శ్రావణి రబ్బరుతో గీత తుడిపింది. కాగితం మీది పొట్టును ఊదింది.

"అక్క రెండేండ్లు మోసింది," అంది. "నువ్వూ రెండేండ్లు మొయ్యి. అటెన్క రా, అక్కను గుంజెయ్యమనాల్నో వద్దో అప్పుడు చూస్త."

మహిపాల్ ఇంకేదో అనబోయాడు. ఆమె మళ్లీ గీత మొదలుపెట్టింది. అతను లేచి, ఘన్‌పూర్ బస్సు ఎక్కడానికి పోయాడు.