తమలపాకుతో మొదలైన భోజనం

ఫోను మోగినప్పుడు నేను రాట్నం ముందు కూచుని మగ్గానికి దారం కండెలు చుడుతున్నాను. పట్టుపోగు చూపుడువేలి మీద సన్నగా జారుతుంటే చక్కిలిగింత పెట్టినట్టుంటుంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన నాలుగు నెలల్లో నాకు బాగా నచ్చిన వాటిలో అదొకటి. బి.ఎస్సీ. బోటనీ చదివిన పిల్ల కండెలు చుట్టడమేమిటని మా అమ్మ హిందూపురంలో బాధపడిందిగాని నేను పడలేదు. ధర్మవరంలో ఏ మగ్గాల ఇంటికి పోయినా ఆడవాళ్ళు కండెలు చుడుతూనే ఉంటారు, మాట్లాడుతూ చుడతారు, పిల్లలకు పాలిస్తూ చుడతారు. సాయంత్రం మగ్గం దిగిన మా మామ "అబ్బా, నడుం పోయింది" అంటే అందరికీ వినిపిస్తుంది. కండెలు చుట్టిన వాళ్ళ నడుముల సంగతి ఎవరూ అడగరు, ఎందుకంటే అది పనికింద లెక్క కాదు.

"ఈశ్వరీ!" హాల్లోంచి ఫోను పట్టుకునే కేకేశాడు మా ఆయన మంజునాథ్. "బెంగుళూరు చీరల సేఠ్‌కు మనం పంపిన చీర నచ్చిందంట! ఆదివారం మధ్యాహ్నం మనిద్దర్నీ భోజనానికి రమ్మంటాండాడు. పెద్ద హోటల్లో, థాయ్ భోజనమంట!"

వంటింట్లోంచి మా అత్త రామలక్ష్మమ్మ తల బయటపెట్టింది. "థాయ్ అంటే ఏమప్పా? పాములు గీములు తినేటోళ్ళా?"

"శాకాహారమేలేమ్మా. సేఠ్ గూడా మాంసం ముట్టడు."

"ఆడ ఏం పెడితే అది తినొద్దు మల్ల. వాసన చూసి తిను."

నాకు మాత్రం చెవిలో ఒక్క ముక్కే మిగిలింది. మనిద్దర్నీ. కండె చేతిలోంచి జారి మంచం కిందికి దొర్లిపోయింది. ఇద్దరమూ పక్కపక్కన కూచుని, వేడివేడిగా, ఒకేసారి తింటాం!

ఇందులో అంత ఎగిరి గంతేయాల్సిందేముందని మీరు అడగవచ్చు. మా ఇంట్లో ముందు మామ తింటారు, మంజునాథ్ తింటాడు. అత్త, నేను వడ్డిస్తాం. మంజునాథ్ లేచిపోయాక అతను తిన్న తట్టలోనే, అదే కంచంలోనే, నేను కూచోవాలి. "మొగుని తట్టలో తింటే మనసులు కలుస్తాయమ్మా" అంది అత్త మొదటిరోజే, చాలా ప్రేమగా. మొదట్లో నాకదీ ముచ్చటగానే ఉండేది. తట్టలో ఒక పక్కన ఆయన నాకోసం వంకాయ ముక్క దాచిపెట్టేవాడు. బాగా నూనెలో మగ్గిన మంచి ముక్క. దాన్ని చూసి ఎంత మురిసిపోయానో! రెండో నెలకు తెలిసింది, ఆ ముక్క చుట్టూ ఎప్పుడూ అన్నం చల్లగానే ఉంటుందని. వండేటప్పుడు రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది. ఉప్పు సరిపోయిందో లేదో మామ ముఖం చూసి తెలుసుకోవాలి. ఇక అత్తయితే తట్టయినా పెట్టుకోదు. పొయ్యి పక్కన నిలబడి గిన్నెలోనే కలుపుకుంటుంది. ఒకసారి "కూచోండి అత్తమ్మా" అన్నాను. "మా అత్త ఉన్నన్నాళ్ళు నేను కూచోని తినిందే లేదు. ఇప్పుడు కూచుంటే గొంతు దిగదు" అని నవ్వింది.

ఆదివారం పొద్దున అత్తే నాకు చీర కట్టింది. నెమలికంఠం రంగు, చిలకపచ్చ అంచు. మగ్గం దిగి వారం కాలేదు. సేఠ్‌కు పంపిన చీరకు జోడీ. "నాకా?" అన్నాను. "నీకు గాక ఇంకెవరికమ్మా" అంది కుచ్చిళ్ళు సర్దుతూ. ఉప్మా పెడతానంటే వద్దన్నాను. కడుపు ఖాళీగా ఉంచుకోవాలి కదా! రైల్లో కిటికీ పక్కన కూచుని పెనుకొండ కొండ కనిపిస్తే మంజునాథ్ భుజం తట్టి చూపించాను, అతను ఎప్పుడూ చూడనట్టు. "చిన్నపిల్ల మాదిరి చేస్తాండావే" అన్నాడు. అలా అన్నప్పుడు అతని కళ్ళు నవ్వుతాయి. ఆ నవ్వంటే నాకిష్టం.

ఆ హోటల్లో అడుగుపెట్టగానే నిమ్మగడ్డి వాసన. కాలేజీ తోటలో ఆకు నలిపి వాసన చూసేవాళ్ళం, అదే. బల్ల మీద తెల్లటి గుడ్డ, గంజిపెట్టిన చేతిరుమాళ్ళు, సన్నటి వెలుతురు. సేఠ్, ఆయన భార్య ఎదురుగా. మేమిద్దరం ఇవతల. అతని మోచేయి నా మోచేతికి తగులుతోంది. నా ముందు, నాకని, ఒక పళ్ళెం. శుభ్రమైనది, ఎవరూ తిననిది. దాన్ని ఒకసారి వేలితో తడిమి చూశాను.

"ఇక్కడ అన్నీ ఒకేసారి పెట్టరమ్మా. ఏడు రకాలు. ఒకటయ్యాక ఒకటి, కొంచెం కొంచెం తెస్తారు" అని సేఠ్ చెప్పాడు. తరాలనుంచి బెంగుళూరులో ఉన్నవాళ్ళు. భార్యతో కన్నడంలో, మాతో తెలుగులో మాట్లాడుతున్నాడు. పేర్లన్నీ అచ్చేసిన అట్ట నా ముందూ ఒకటి పెట్టారు. పరీక్షకు చదివినట్టు చదివేశాను.

మొదట తమలపాకు వచ్చింది. పొట్లంలా చుట్టి, అందులో వేయించిన కొబ్బరి, వేరుశనగ గింజలు, అల్లం, చిన్న నిమ్మముక్క, ఏదో తియ్యటి పాకం.

"ఏం సార్, అన్నం పెట్టకుండానే తాంబూలమిచ్చి పంపిస్తాండారే!" అన్నాడు మంజునాథ్. సేఠ్ పడీపడీ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, గర్వంగా కూడా అనిపించింది. సేఠ్ భార్య ఆకుని అమాంతం నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

నేను మంజునాథ్ వైపు చూశాను. అతను జరీ గురించి చెబుతున్నాడు. ఆకు అతని ముందు అలాగే ఉంది. నా చేయి బల్ల అంచు దాకా వెళ్ళి ఆగింది. ఎవరూ ఆపలేదు. అత్త లేదు, మామ లేడు. ఆ ఆకు నాది. అయినా అతను తిననిదే నా చేయి లేవడంలేదు. చెయ్యీ, లేవవే, అని లోపల్లోపల బతిమాలుకున్నాను. నాలుగు నెలలకే ఇంత నేర్చుకుందా ఇది? లేక ఇంతకుముందే, నాయన తిన్నాకే మా అమ్మ తినడం చూస్తూ పెరిగినప్పుడే నేర్చేసుకుందా? సర్వరొచ్చి "అయిందా మేడం?" అన్నాడు. నేను మంజునాథ్‌ని చూశాను. అతను మాట ఆపకుండానే తన ఆకు గబుక్కున నోట్లో వేసుకుని తలూపాడు. సర్వరు అతని పళ్ళెం, దానితోపాటు నా పళ్ళెం ఎత్తుకుపోయాడు.

పోనీలే, ఇంకా ఆరున్నాయి.

రెండోది చారు లాంటిది. చిన్న గిన్నెలో ఎర్రగా, పుట్టగొడుగులతో పొగలు కక్కుతూ వచ్చింది. మంజునాథ్ ఈసారి వెంటనే చెంచా ముంచాడు. నా ప్రాణం లేచొచ్చింది. నేనూ చెంచా ఎత్తాను.

"అమ్మా, ఒక్కసారి లేస్తారా? కొంగు చూద్దాం" అన్నాడు సేఠ్.

నేను మంజునాథ్‌ని చూశాను. "లెయ్, లెయ్" అన్నాడు హుషారుగా. తనే లేచి నా కొంగు రెండు చేతులతో విప్పి పట్టుకున్నాడు. "ఇదో సార్, జోడీ చీర. కట్టుకుంటే అంచు ఎట్లుంటాదో చూడండి. ఈశ్వరీ, ఆ పక్కకు తిరుగు. ఇంకొంచెం."

తిరిగాను. సేఠ్ అంచుని వేళ్ళ మధ్య పెట్టి రుద్ది చూశాడు. పక్కబల్ల వాళ్ళు తినడం ఆపి చూశారు. అప్పుడర్థమైంది, నాకీ చీర ఎందుకు కట్టారో, మనిద్దర్నీ అని ఎందుకు పిలిచారో. సేఠ్ భార్య "పాప, ఊట మాడ్లి బిడి" అంది భర్తతో. పాపం, తిననివ్వండి అని. హిందూపురం పిల్లను, నాకు కన్నడం వచ్చు. ఆయన "ఒందే నిమిష" అన్నాడు. ఆ ఒక్క నిమిషం అయ్యాక కూచుంటే నా ముందు గిన్నె లేదు, గుడ్డ మీద గుండ్రటి తడి మరక ఉంది.

తర్వాతవి ఎలా వచ్చాయో ఎలా పోయాయో. పచ్చి బొప్పాయి కోరు. అరిటాకులో ఉడికించినదేదో. నేను చెంచా పట్టుకునేసరికి "కొంగు మీద జరీ బుటాలు చూపిస్తారా" అనేవాడు సేఠ్. పచ్చటి కూర అన్నంతో వచ్చినప్పుడు మంజునాథ్ నా చెవిలో మెల్లగా అన్నాడు, ప్రేమగానే, "ఇది ముట్టుకోవద్దులే. చీర మీద పడిందంటే శాంపిలు పాడైపోతాది." కూరలోంచి కొబ్బరిపాల వాసన వస్తోంది. ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. నేను నవ్వుతూనే ఉన్నాను. కొత్త పెళ్ళికూతురి నవ్వు ఒకసారి అతికించుకుంటే తొందరగా ఊడదు. బొప్పాయి పళ్ళెం తీసేటప్పుడు గుడ్డ మీద ఒక వేరుశనగ గింజ పడింది. ఎవరూ చూడనప్పుడు తీసుకుని నోట్లో వేసుకున్నాను. కరకరలాడింది. మా చేలల్లో పండే గింజలాగే ఉంది. ఆ ఏడు రకాల భోజనంలో నేను తిన్నది అదొక్కటే.

సాయంత్రం రైలు హిందూపురంలో ఆగింది. ముందే ఫోన్లో చెప్పాను కాబట్టి అమ్మ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. కిటికీలోంచి డబ్బా అందించింది. జొన్నరొట్టెలు, వేరుశనగ పొడి.

"ఏం తింటివే? చెప్పు, చెప్పు. పక్కింటి సుధావాళ్ళు అడుగుతాండారు."

అట్ట మీద చదివినవన్నీ వరసగా అప్పజెప్పాను. తమలపాకు, పుట్టగొడుగుల చారు, బొప్పాయి, అరిటాకులో ఆవిరి వంట, పచ్చకూర, వేయించిన నూడుల్స్, మామిడిపండుతో జిగురన్నం. ఒక్క పేరూ తప్పలేదు.

"ఎట్లుండె?"

"శానా బాగుండెమ్మా."

అమ్మ ముఖం ఎంత వెలిగిందంటే, ఆ వెలుగు ఆర్పడం నావల్ల కాలేదు. రైలు కదిలింది.

డబ్బా నా ఒళ్ళో వెచ్చగా ఉంది. మూత తీశాను. మళ్ళీ ఆగిపోయింది చేయి. మంజునాథ్ ఒక రొట్టె తీసుకుని పొడి అద్దుకుని నమిలి "మీ అమ్మ చెయ్యే చెయ్యి! తిను, నువ్వూ తిను" అన్నాడు. అప్పుడు తిన్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగేంత రుచిగా ఉంది. అతను తిన్నాక తిన్నందుకు రుచి తగ్గలేదే అని నామీద నాకే కోపమొచ్చింది.

"ఈశ్వరీ, చెప్పడం మరిచినా" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "రేపు సేఠ్, ఆయమ్మ మగ్గాలు చూడను మన ఇంటికి కార్లో వస్తాండారు. మధ్యాహ్నం భోజనం మన ఇంట్లోనే. మన వంటలతో పాటు ఆ తమలపాకుదీ, పచ్చకూరా గూడా చెయ్యి. అదిరిపోవాల. తినొచ్చినావు కదా, నీకు తెలుసు కదా!"

ఏమాత్రం ఎగతాళి లేదు ఆ ముఖంలో. నేను తిన్నాననే అనుకుంటున్నాడు. పక్కనే, మోచేయి తగిలేంత దగ్గర కూచున్న మనిషి. నేను తినలేదు అని చెబుదామని నోరు తెరిచాను. చెబితే అయ్యో అంటాడు, నిజంగానే బాధపడతాడు, తర్వాత "నువ్వు తినాల్సింది, ఎవరొద్దన్నారు?" అంటాడు. నిజమే. ఎవరూ వద్దనలేదు.

"చేస్తాను" అన్నాను.

"భోజనానికి నాలుగాకులు వేస్తే చాలు. వాళ్ళిద్దరూ, నాయనా, నేనూ."

కిటికీ బయట పొద్దు కుంకుతోంది. పెనుకొండ కొండ మళ్ళీ దగ్గరికొస్తోంది. ఈసారి అతని భుజం తట్టలేదు.

"రేపు ఆరాకులు వేస్తాను" అన్నాను. "ఒకటి అత్తమ్మకు. ఒకటి నాకు, మీ పక్కన."

అతను నావైపు తిరిగాడు. కోపమేం లేదు. నిజంగా తెలియక అడిగాడు.

"మరి వడ్డించేదెవరు?"

"నాకూ తెలీదు" అన్నాను. "కానీ రేపు ఆరాకులే."