మూడు మడతలూ, ఒక జేబూ

నేను ఒక స్కర్టును. ఒకప్పుడైతే "పొడుగు స్కర్టును" అని నొక్కి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ మొదటి మాట వదిలేశాను. ఇన్నేళ్ళూ ఒకరి సిగ్గు కాచినదాన్ని, ఇవాళ నా సిగ్గు నేనే విప్పుకుంటాను, వినండి.

పెడనలో పుట్టాను. ఇటుక రంగు నూలుబట్ట, పైనుంచి కిందికి సన్నటి నిలువు గీతలు. అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. అడుగున జానెడు అంచు పెట్టి, దాని మీద పళ్ళెమంతేసి పువ్వులు అద్దారు. అద్దినాయన చెక్క అచ్చు పక్కన పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుని, "కొంచెం పెద్దవయ్యాయేమో" అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను.

కుట్టాక నా పొడుగు నలభై రెండు అంగుళాలు. బందరులో ఒక కొట్టువాళ్ళు నన్ను ముందు వరసలో బొమ్మకు తొడిగారు. ఆ బొమ్మ ఎత్తు ఆరడుగులు, తల లేదు. నాకు లోకజ్ఞానం నేర్పిన మొదటి గురువు ఆవిడే. ఆడవాళ్ళందరూ ఆరడుగులుంటారనీ, ఎవరికీ కడుపు ఉండదనీ, ఎవరూ కూర్చోరనీ అనుకుంటూ నాలుగు నెలలు గడిపాను.

రత్నప్రభ వచ్చింది. గుడివాడ ఆవిడ, మంచి పొడగరి. నన్ను నడుముకు ఆనించుకుని అద్దంలో చూసుకుంది. ఇద్దరం మురిసిపోయాం. "మా తమ్ముడి పెళ్ళాం కోసం. పెళ్ళయి రెండు నెలలే. దానికీ ఎంత బావుంటుందో!" అంది. తనకు బావున్నది అందరికీ బావుంటుందనుకోవడంలో మా ఇద్దరికీ తేడా లేదు.

తమ్ముడింటికి తీసుకెళ్ళి నా అంచు మూల పసుపు చుక్క పెట్టి, మరదలి చేతికిచ్చింది. "వచ్చే ఆదివారం మా ఇంట్లో వ్రతం. ఇదే వేసుకుని రా కుముదా."

కుముదను చూసి నా గుండె జారిపోయింది. నాలుగడుగుల పది అంగుళాలు! ఎమ్మెస్సీ చదివింది, ఇరవై ఐదేళ్ళు, మనిషి మాత్రం గుప్పెడు. పక్కన మొగుడు భార్గవ, అక్కకు తగ్గ తమ్ముడు, తాటిచెట్టు. పెళ్ళిపీటల మీద ఆమె కింద ఇంకో పీట వేస్తే గానీ అతని తల మీద జీలకర్ర బెల్లం పెట్టడానికి చెయ్యి అందలేదట. ఆ సంగతి ఆమే నవ్వుతూ చెప్పుకునేది.

నవ్వుతూ చెప్పుకోలేనిది ఇంకొకటి ఉంది. పెళ్ళయిన వారానికి రత్నప్రభ ఇంట్లో భోజనాలు పెట్టారు. రత్నప్రభ అత్తగారిని ఇంటిల్లిపాదీ మామ్మగారంటారు, చూపు ఆనదు. ఆవిడ కుముద చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పిల్లల బంతిలో కూర్చోబెట్టింది. కొత్త పెళ్ళికూతురు పిల్లలతో పాటే కారం వెయ్యని పప్పన్నం తిని లేచింది. ఈసారి వ్రతానికైనా తనను పెద్దవాళ్ళ బంతిలో కూర్చోబెట్టాలి. ఆమెకు కావలసింది అంతే. ఆ భారం నా మీద పడింది.

మొదటి రోజు తొడుక్కుని చూసింది. నేను నేల మీద చుట్టూ పరుచుకున్నాను. నడుము దగ్గర రెండు చుట్లు చుట్టింది. కుచ్చులతో కలిసి పొట్ట చుట్టూ పరుపు చుట్టలా తయారయ్యాను. ఎత్తు మడమల చెప్పులు వేసి రెండడుగులు వేసింది, నన్నే తొక్కి మంచం మీద పడింది.

"ఏమండీ, ఎలా ఉన్నానో నిజం చెప్పండి."

భార్గవ ఆమె చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. "లోపల నువ్వున్నావని తెలిసింది కాబట్టి బావుంది."

దిండు వెళ్ళి అతని మొహానికి తగిలింది. ఆ తర్వాత ఇద్దరూ ఎంత నవ్వారంటే, నన్ను విప్పిన సంగతి కూడా మరిచి కుర్చీ మీద పడేశారు. కొత్త జంటలతో ఇదొక బాధ. మన కష్టం వాళ్ళకు వేడుక.

కత్తిరిద్దామంటే కుముదకు మనసు రాలేదు. వదిన పసుపు పెట్టిచ్చిన బట్టకు కత్తెర ఎలా వేస్తాం? అందుకని కొలతల చీటీ రాసి, నన్ను సంచిలో పెట్టి భార్గవ చేతికిచ్చింది. అతను రవూఫ్ మాస్టారి మిషను దగ్గరికి తీసుకెళ్ళాడు.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసి చీటీ చదివాడు. "నడుము ఇరవై ఐదు, పొడుగు ముప్పై మూడు. ఎవరికి బాబూ?"

"మా ఇంట్లో" అన్నాడు భార్గవ, చెవులు ఎర్రబడుతుండగా. రెండు నెలల మొగుడు కదా, "మా ఆవిడకి" అన్న మాటకు ఇంకా నోరు తిరగలేదు. "కత్తెర మాత్రం వెయ్యకండి. బట్ట మొత్తం అలాగే ఉండాలి."

పొడుగు ముప్పై మూడు, కత్తెర వెయ్యొద్దు, మా ఇంట్లో. నలభై ఏళ్ళుగా పావడాలు కుడుతున్న మనిషికి ఇంక వేరే ఏం కావాలి?

ఆదివారం పొద్దున్నే భార్గవ వెళ్తే మాస్టారు నన్ను గర్వంగా పరిచి చూపించాడు. అంచుకు పైన చుట్టూతా మూడు మడతలు! "పెరిగే పిల్ల కదా బాబూ, వదులు కుట్టు వేశాను. రెండేళ్ళకొకటి విప్పుకుంటూ పొండి, పదో తరగతికి సరిగ్గా సరిపోద్ది. జేబు కూడా పెట్టాను. పిల్లలకి జేబంటే సరదా."

భార్గవ నిజం చెప్పలేక, నవ్వు ఆపుకోలేక, సంచి పట్టుకుని పరుగెత్తాడు.

కుముద నన్ను తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కింద పువ్వుల అంచు, పైన ఒకదాని మీద ఒకటి మూడు అడ్డ గీతలు. టిఫిన్ క్యారేజీ గిన్నెల్లా ఉన్నాం. అసలే గుప్పెడు మనిషి, ఆ గీతలు ఆమెను నాలుగు ముక్కలు చేసి పేర్చినట్టున్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పదండి, పిల్లల బంతికి" అంది.

అంతలో చెయ్యి జేబులోకి జారింది. ఆగింది. ఇంకో చేత్తో కళ్ళు తుడుచుకుంది. "ఏమండీ, జేబుందండీ దీనికి!" అంది, బంగారు గాజు దొరికినట్టు.

ఆ జేబు ఆమెకు ఎక్కడ లేని ఉత్సాహం తెచ్చింది. సూది తీసి మూడు మడతలూ విప్పింది. వదులు కుట్టు కాబట్టి దారం ఒక్క లాగులో వచ్చేసింది. నా పువ్వుల అంచును మొత్తం లోపలికి మడిచి, చీలమండ కనబడేంత ఎత్తున పెట్టి కుట్టింది. నడుము దగ్గర కుచ్చులను ఇస్త్రీతో అణచి, తుంటి దాకా సన్నగా కుట్టేసింది. భార్గవ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చాడు. మూడుసార్లకు ఒకసారి ఎక్కింది.

నేను లోలోపల ఏడ్చాను. నా పువ్వులు! నా పళ్ళేలు! వాటిని దాచేస్తే నాలో ఏముంటుంది?

అదే ఇటుక రంగు చొక్కాను నా నడుము పట్టీలోకి దోపి, జుట్టు పైకి ముడి వేసి ఆమె నిలబడింది. మెడ నుంచి పాదం దాకా ఒకే రంగు, ఎక్కడా తెగని నిలువు గీతలు. అద్దంలో ఉన్నది అదే కుముద, అంగుళం కూడా పెరగలేదు. చూసేవాళ్ళ కన్ను మాత్రం ఎక్కడా ఆగకుండా పాదం నుంచి పైదాకా వెళ్తోంది. అప్పుడు అర్థమైంది, ఇన్నాళ్ళూ అడ్డం వచ్చింది నేనేనని. నలభై రెండు అంగుళాల్లో పనికొచ్చినవి ముప్పై మూడే. మిగతా తొమ్మిదీ గర్వం.

బయల్దేరేముందు భార్గవ నా జేబులో రెండు చాక్లెట్లు వేశాడు, "అక్క కూతురు చిత్రకి" అంటూ.

గుడివాడలో వాకిట్లోనే మామ్మగారు ఎదురయింది. కళ్ళు చికిలించి పాదాల నుంచి పైకి చూసింది. "ఎవరమ్మా, ఇంత పొడుగ్గా? మా రత్నం మరదలా? రా తల్లీ, పెద్ద బంతి వేస్తున్నారు."

కుముద ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను. మామ్మగారు ఆమె నడుము చుట్టూ చెయ్యి వేసి లోపలికి నడిపించింది. ఆ చెయ్యి జారుతూ జారుతూ నా జేబు మీద ఆగింది. తడిమింది. గరగరమంది.

"ఏమే పిల్లా, జేబునిండా చాక్లెట్లా? నన్నే మాయ చేద్దామనుకున్నావూ? పద పద, పిల్లల బంతిలోకి."

నేల చీలితే బావుండుననిపించింది. నేల చీలలేదు. కుముద ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వేసింది. వెళ్ళి తొమ్మిదేళ్ళ చిత్ర పక్కన చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రత్నప్రభ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అత్తయ్యగారూ, అది నా మరదలండీ! లే కుముదా, అక్కడ ఆకు వేయించాను."

"ఉండండి వదినా, ఇక్కడ అప్పడాలు రెండేసి వేస్తున్నారు."

రత్నప్రభకు అప్పుడు నేను కనిపించాను. వంగి నా అంచు తిప్పి చూసింది. లోపల ముడుచుకున్న పువ్వులూ, చెక్కుచెదరని పసుపు చుక్కా. "నా మీద పెట్టుకు చూసి కొన్నానే," అంది నాలిక్కరుచుకుని. "ఇప్పుడు నీదయింది."

భోజనాలయ్యాయి. కుముద ముందుగా లేచి నిలబడింది. చిత్ర ఇంకా ఆకు ముందే కూర్చుని, పాయసం చేత్తో తల పైకెత్తి, "అబ్బ, అత్తా, ఎంత పొడుగున్నావో!" అంది.

వెక్కిరింత కాదు. ఆ పిల్ల కూర్చున్న చోటినుంచి అది నిజం. ఎంత పొడుగైనదాన్నయినా, అంత గొప్పగా నేను మళ్ళీ ఎప్పుడూ నిలబడలేదు.

తర్వాత నేను చిత్రకు వెళ్ళాను. రెండేళ్ళకొకసారి నా అంచు కాస్త కాస్త దింపారు. పదో తరగతికి పువ్వులన్నీ బయటికొచ్చి సరిగ్గా సరిపోయాను. రవూఫ్ మాస్టారి లెక్క తప్పలేదు, ఇల్లే తప్పింది. కిందటేడు ఇంటర్లో చేరిన చిత్ర నన్ను తొడుక్కుని పెదవి విరిచింది. "అత్తా, ఇది నాకు పొట్టిదైపోయింది" అంటూ నన్ను కుముదకే తిరిగిచ్చేసింది.

పొట్టి! నన్ను! తల లేని గురువుగారు వినలేదు కాబట్టి సరిపోయింది.

ఇవాళ పొద్దున కుముద నన్ను మళ్ళీ బీరువాలోంచి తీసింది. అంచు లోపలికి మడిచి కుట్టుకుంది. జేబులో చెయ్యి పెట్టి, ఎప్పటిదో చాక్లెట్ కాగితం తీసి చూసి నవ్వుకుంది. రత్నప్రభ ఇంట్లో వ్రతం. బయట భార్గవ బండి స్టార్టు చేశాడు.

"త్వరగా రావోయ్! పిల్లల బంతి మొదలైపోతుంది."