తండా పిల్ల సార్, తెలుగు రాదు

రుక్మిణి చెడ్డ మనిషేం కాదు. కాకపోతే అన్నీ తనకే తెలుసనుకునే మనిషి. రోజూ వేములపల్లి నుంచి నడిచివచ్చి తండాలో అంగన్‌వాడి నడిపేది. పిల్లల ముక్కులు తుడిచేది, రవ్వ ఉప్మా వండి పెట్టేది, పాటలు నేర్పేది. ఇళ్లలో లంబాడీ మాట్లాడే పిల్లలకు ఏడాది తిరక్కుండా తెలుగు పట్టుబడేలా చేస్తుందని చుట్టుపక్కల ఆమెకు పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం.

ఒక్క సోనీ దగ్గరే ఆమె పప్పులు ఉడకలేదు. సోనీ గౌరీబాయి కూతురు. నాలుగేళ్లది, మహా చురుకు. పక్క పిల్లలు లేస్తే లేచేది, వాళ్లు పళ్లెం తెచ్చుకుంటే తనూ తెచ్చుకునేది, వాళ్లు చేతులూపితే తనూ ఊపేది. నోరు మాత్రం విప్పేది కాదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నీతో, అని రుక్మిణి విసుక్కునేది కూడా. నోటికొచ్చిన సామెత బుర్రకు ఎక్కొద్దూ? ఎక్కలేదు.

ఎనభై తొమ్మిది చలికాలంలో పిల్లల్ని పరీక్షించడానికి డాక్టరు వచ్చాడు. తూకాలయ్యాయి, కళ్లూ నాలుకలూ చూడటం అయింది. సోనీ వంతు రాగానే, నీ పేరేంటి పాపా అన్నాడు. ముక్కు ఏదో చూపించమన్నాడు. ఆ పిల్ల ఆయన మెడలోని గొట్టం వంకే చూస్తూ కూర్చుంది. ఆయన ఇంకేదో అడగబోయాడు. ఈలోపే రుక్మిణి అందుకుంది.

"తండా పిల్ల సార్. తెలుగు రాదు."

డాక్టరు తలూపి తర్వాతి పిల్లను రమ్మన్నాడు. పొద్దుగూకేలోగా ఇంకా రెండు తండాలు తిరగాలి ఆయన. తిలాపాపం తలా పిడికెడు అన్నారు మరి.

కన్నతల్లికైనా తెలియలేదా అంటారేమో. ఎందుకు తెలియలేదు, అనుమానం వచ్చింది. బిడ్డ ఇంట్లో కూడా పలకడం లేదని గౌరీబాయి ఆ నెలలోనే వచ్చి చెప్పుకుంది. రుక్మిణి నవ్వేసింది. ఇంట్లో ఒక భాష, ఇక్కడ ఒక భాష, పిల్ల తికమక పడుతోందంతే అంది. పైగా మొండిది, గారం చేసి చెడగొట్టావు, రెండు దెబ్బలు పడితే అదే పలుకుతుంది అంది. చెప్పేవాళ్ల సొమ్మేం పోయింది! చదువుకున్న పంతులమ్మ చెప్పాక గౌరీబాయి ఇంక కాదంటుందా? ఇంటికి పోయి ఆ పనే చేసింది.

మరుసటి ఏడు వరికోతలప్పుడు అసలు సంగతి బయటపడింది. సోనీ తండా బాటలో కూర్చుని మట్టిలో గీతలు గీసుకుంటోంది. వడ్ల బస్తాలకొచ్చిన ట్రాక్టరు వెనక్కి వస్తోంది. డ్రైవరు హారను కొట్టాడు, జనం కేకలు పెట్టారు. పిల్ల తల ఎత్తలేదు. రుక్మిణి ఒక్క ఉరుకున వెళ్లి రెక్క పట్టుకుని లాగేసింది. ఆట చెడగొట్టినందుకు సోనీ ఆమెను గుర్రుగా చూసింది.

ట్రాక్టరు హారను తెలుగులో మోగదు కదా. ఆ సంగతి రుక్మిణికి అప్పుడు తట్టింది. పిల్లను లోపలికి తీసుకుపోయి, వెనక నిలబడి గరిటెతో పళ్లెం మోగించింది. ఉన్న పిల్లలంతా తిరిగి చూశారు. సోనీ చూడలేదు. మళ్లీ మోగించింది. అయ్యో, నా నోట్లో మన్నుపడ, అనుకుంటూ అక్కడే కూలబడింది.

మర్నాడే తల్లీబిడ్డల్ని మిర్యాలగూడ తీసుకుపోయింది. అక్కడి చెవుల డాక్టరు పరీక్ష చేసి, పుట్టుకతోనే వినికిడి లేనట్టుందన్నాడు. హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. చెవికి మిషను పెడితే కొంత వినపడొచ్చు గానీ మాటలు నేర్చే ఈడు దాటిపోతోందన్నాడు. ఒక్క ఏడాది ముందు తెచ్చినా ఎంతో మేలయ్యేదని గౌరీబాయి మీద విసుక్కున్నాడు. ఇన్నాళ్లూ కన్నతల్లివి ఏం చేస్తున్నావని అడిగాడు.

గౌరీబాయి ఒక్కసారి రుక్మిణి వైపు చూసి తల దించుకుంది. "మాకు తెల్వలే సారూ," అంది.

ఆ చూపుకు రుక్మిణికి చచ్చినంత పనైంది. తను ఊరుకుంటే ఆ మాట అక్కడితో ఆగిపోతుంది. తండాలో తన పేరు తనకుంటుంది. సిగ్గు లేకుండా ఆ లెక్క కూడా వేసుకుంది మనసు.

"ఆమె తప్పు లేదు సార్. నిరుడే నాకు జెప్పింది, నేనే నవ్విన. పరీక్షలకొచ్చిన డాక్టరు అడగబోతుంటే నేనే అడ్డమొచ్చిన. తెలుగు రాదన్న. రెండు దెబ్బలెయ్యమని జెప్పింది గూడ నేనే."

డాక్టరు హైదరాబాద్‌కు చీటీ రాసి గౌరీబాయి చేతికిచ్చాడు.

బయటికి వచ్చాక వరండాలో రుక్మిణి ఆమె రెండు చేతులూ పట్టుకుని తప్పయిందని ఏడ్చింది. గౌరీబాయి చేతులు విడిపించుకోలేదు. తిట్టనూ లేదు. తిట్టినా బాగుండేది.

"డాక్టరుకు జెప్పినవ్, నాకు జెప్పినవ్. నీ బరువు దిగింది పంతులమ్మా," అంది చివరికి. "మాట ఇంటలేదని దీన్ని ఎన్నిసార్లు కొట్టిననో. తప్పయింది బిడ్డా అని దీనికి నేనెట్ల జెప్పాలె?"

సోనీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తోంది. గౌరీబాయి కళ్లు తుడుచుకుని, బిడ్డ తల నిమరబోయి చెయ్యి ఎత్తింది. సోనీ గబుక్కున రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది.