వెనకవైపు మంచి కాయలు

శ్రీనివాసపురం మండీకి మామిడికాయలు తెచ్చే వాళ్లకొక పిచ్చి ఉంది. మంచి కాయలన్నీ ట్రాలీ వెనకవైపే పేర్చాలి. కొనేవాడి కన్ను మొదట పడేది అక్కడే కదా మరి! బేరం తెగేదాకా వాటి జోలికి పోరు, ముందున్న చిల్లర కాయల్నే దించుతారు. గౌనిపల్లి చిన్నవెంకటప్ప కూడా అదే చేశాడు. పైగా డీజిలు కోసం ట్రాక్టరును విప్పి పంపేసి, ఆ రెండు చక్రాల ట్రాలీ ముందుకు పొడుచుకొచ్చిన నొగకు ఒక కర్ర ఊతం పెట్టాడు.

ఆయన భార్య నారాయణమ్మ ట్రాలీ వెనకభాగం కింద నీడలో తువ్వాలు పరుచుకొని కునుకు తీస్తోంది. పక్కనే అన్నం క్యారియరు. మోకాళ్ల నొప్పుల మనిషి, ఆ ఎండలో ఇంకెక్కడికి పోతుంది?

హమాలీ నాగేశ్ ట్రాలీ ముందుభాగంలో నిలబడి అక్కడి క్రేట్లు అందిస్తుంటే చిన్నవెంకటప్ప కింద పేరుస్తున్నాడు. ఉన్నట్టుండి ఊతకర్ర దానంతటదే పడిపోయింది. కర్ర పడింది గానీ, నొగ పడలేదు. గాల్లోనే నిలిచి ఉంది.

ఇదేం విడ్డూరమని చిన్నవెంకటప్ప నోరు తెరుచుకొని చూశాడు. మరుక్షణం సంగతి అర్థమైంది. ముందు బరువు తగ్గి తగ్గి వెనక బరువుతో సమానమైపోయింది, ట్రాలీ ఇరుసు మీద తక్కెడలా ఊగుతోంది. చూస్తుండగానే నొగ పైకి లేవసాగింది. అది లేస్తే వెనక దిగుతుంది. వెనక కింద నారాయణమ్మ తల ఉంది.

ఒక్క ఉరుకున పోయి నొగను వాటేసుకున్నాడు. బక్కప్రాణం, కాళ్లు నేలకు ఆనలేదు. నొగ అంతకుమించి పైకి లేవలేదు, అలాగని దిగనూ లేదు.

“నాగేశా, ఉన్నచోటే ఉండప్పా. నువ్వు దిగితే మా ఆడది చస్తాది.”

నాగేశ్ చేతిలో క్రేటుతో కొయ్యబారిపోయాడు. ఆ గొంతుకు నారాయణమ్మకు మెలకువ వచ్చింది. మోకాళ్లు సహకరించక ఎప్పుడూ వెనక పలక పట్టుకొని లేవడం ఆమె అలవాటు. చక్రాల సందులోంచి ఆ చెయ్యి పైకి పోవడం చిన్నవెంకటప్ప చూశాడు.

“నారాయణమ్మా, పలక ముట్టొద్దు. పాక్కుంటా ఈ పక్కకు రా.”

పదిమందిలో పాకమంటావా అని ఆమె మండిపడింది. ఈ వయసులో నొగెక్కి ఊగుతున్న మొగుడికి లేని సిగ్గు తనకెందుకని దులిపేస్తూ, తిడుతూనే పక్కకు పాకి వచ్చింది.

అంతే, ఆయన చేతులు సడలిపోయాయి. నొగ ఎగిరింది. వెనక పలక నేలను గుద్దుకుంది. నాగేశ్ పక్క కమ్మీ పట్టుకొని బతికాడు. మంచి కాయలన్నీ మండీ నిండా దొర్లాయి. తువ్వాలు పక్కనున్న క్యారియరు రేకుముక్కలా అణిగిపోయింది.

నారాయణమ్మ తిట్టు సగంలోనే ఆగిపోయింది. క్యారియరును చూసింది, మొగుణ్ణి చూసింది. చిన్నవెంకటప్ప పడిన చోటి నుంచి పాకుతూ పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“నిలపొద్దమ్మా,” అన్నాడు. “తిట్టు. ఇంగా తిట్టు.”