చెరగని లోతు

పొద్దుట్నుంచి స్కూలు కుస్తీ పోటీల కప్పుల మీద పేర్లు చెక్కి చెక్కి వెల్డా కళ్ళు లాగేస్తున్నాయి. ఇక దుకాణం మూసేద్దామనుకుంటుండగా ఆర్లన్ వచ్చాడు. విడాకులై రెండేళ్ళయినా ఆ మనిషి బూట్లకంటిన మంచు గుమ్మంలో దులుపుకోడు. చంకలో తాతనాటి తుపాకీ, చేతిలో కాగితాలు.

"నూరు మైళ్ళలో చెక్కేదానివి నువ్వొక్కదానివే. తిట్టుకోకు," అన్నాడు.

"తిట్టే ఓపిక కూడా లేదు. ఏంటది?"

గొర్రెపిల్లల మీదికి తోడేళ్ళలాంటి కొయొటీలు వస్తున్నాయట. ట్రాక్టరు సీటు పక్కన పట్టాలంటే తుపాకీ గొట్టాన్ని పదహారు అంగుళాలకన్నా పొట్టిగా కోయాలి. అంత పొట్టి తుపాకీకి కావలసిన సర్కారు అనుమతి వచ్చింది. అయితే అలా కోసి తయారుచేసుకునేవాళ్ళ పేరు, ఊరు, రాష్ట్రం ఇనుము మీద చెక్కి ఉండాలి. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే అందులో మూడు భాగాల లోతు. అంతకు తగ్గితే చెల్లదు.

వెల్డా కాగితం అందుకుంది. తయారీదారు పేరు దగ్గర "ఆర్లన్, వెల్డా హస్కిన్ ట్రస్టు" అని ఉంది. తుపాకీ ఇద్దరిలో ఎవరి చేతిలో ఉన్నా పోలీసులతో తంటా ఉండకూడదని పెళ్ళయిన కొత్తలో పెట్టుకున్న ట్రస్టు అది. పాత దరఖాస్తు కాబోలనుకుని, ఎలాగోలా పని వదిలించుకుందామని తుపాకీని మిషనుకు బిగించింది.

మొదటి విడత అక్షరాలు పైపైన పడ్డాయి. అక్కడ ఆపి, కాగితంతో అక్షరమక్షరం సరిచూడటం ఆమె అలవాటు. అప్పుడు కనబడింది తేదీ.

"పోయిన మార్చిలో పెట్టావా దీన్ని? అప్పటికే మనం విడిపోయి ఏడాది!"

"పాత ట్రస్టు ఉంది కదా అని..."

"నాకు చెప్పకు కబుర్లు. నీ పేరొక్కటే రాస్తే నీకే పని తగ్గేది."

ఆర్లన్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "నీ పేరు ఎక్కడో ఓచోట ఉండనీ అనుకున్నా, వెల్డీ. మళ్ళీ వస్తావేమోనని."

కోపం వస్తుందనుకుంది వెల్డా. నీరసం వచ్చింది. పదకొండేళ్ళ కాపురంలో ఒక్క రాత్రి, భోజనాల బల్ల దగ్గర, ఈ మాట అనుంటే ఆమె ఇల్లు వదిలేదే కాదు.

"ఇంత దాకా చెక్కావుగా, కానిచ్చెయ్," అన్నాడతను. "పోనీ ఇంతటితో ఆపెయ్. పైపైన ఉన్నా చాలు నాకు."

"పైపైన ఉంటే చెల్లదు ఆర్లన్. చెల్లేంత లోతుకు పోతే ఇక చెరగదు."

ఆమె గరుకు కాగితం తీసి రుద్దసాగింది. ముందు ఊరు పోయింది, తర్వాత పేర్లు. మణికట్టు సలుపుతున్నా ఆపలేదు. మెరుస్తున్న ఇనుమును గుడ్డతో తుడిచి అతని చేతిలో పెట్టింది.

"మళ్ళీ దరఖాస్తా? ఎనిమిది నెలలు ఎదురుచూశానే!"

"నేను పదకొండేళ్ళు చూశా. నీ ఒక్కడి పేరు మీద తెచ్చుకో, నేనే చెక్కిపెడతా."

ఆర్లన్ ఆ చోటును బొటనవేలితో తడిమాడు. ఏమీ తగల్లేదు.

"నా ఒక్కడి పేరు రాయడానికి చెయ్యి రావట్లేదు, వెల్డీ."

"వస్తుంది," అంది వెల్డా. "నాకూ మొదట్లో రాలేదు."